రాకర్ షాఫ్టుకి పసుపు

మొన్న శుక్రవారం పొద్దున్నే మా తమ్ముడి కొడుకు సాయి ఒక అట్టపెట్టె మోసుకుంటూ మా ఇంటికొచ్చాడు. వాడికి దువ్వాడ దగ్గర టిప్పర్లు నడుస్తున్నాయి. వాటిలో ఒకదాని ఇంజను ఈమధ్య నీరసపడిందట. కేమ్ షాఫ్టూ రాకర్లూ మార్పిస్తున్నాడట. పెట్టె తెచ్చి నా పూజగూటి ముందు దించి, "ఇంట్లో పెద్దదానివి నువ్వే కదా అత్తా, నీ సేత్తో కాత్త పసుపూ కుంకం ఎట్టి ఇయ్యి, మెకానిక్కు ఎదురు సూత్తన్నాడు" అన్నాడు. పసుపు తడిపాను. మూత తెరిస్తే నూనె పూసిన కొత్త ఇనుము వాసన గుప్పున వచ్చింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. మూత మూసేసి, అట్ట మీద ఓ బొట్టు పెట్టి, తీసుకుపొమ్మన్నాను. వాడు పకపకా నవ్వి, "అట్టకి ఎడతావేటి అత్తా, బండికి అట్టెట్టి నడపమంటావా?" అన్నాడు. "అట్టకి చాలు. బిగించే ముందు కన్నాలన్నీ ఊది చూడమని మీ మెకానిక్కుతో చెప్పు" అన్నాను. జీవితమంతా పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పిన దానికి రాకర్ల కన్నాల సంగతి ఎలా తెలుసని వాడు అడిగాడు. ఉప్మా పెట్టి మాట మార్చాను. వాడు వెళ్ళాక పొయ్యి వెలిగించ బుద్ధి పుట్టలేదు. మా అమ్మ పోయినప్పటినుంచీ ఈ సంగతి పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కత్తినే మిగిలాను. నాతోపాటే పోతే అది ఒక మనిషికి రెండోసారి అన్యాయం చేసినట్టవుతుందని రాస్తున్నాను.

మా ఊరు ఉక్కు ఫ్యాక్టరీలో పోయింది. జీడితోటలు, రాగులు పండే చోడి చేను, పొడుచుకోబోయిన ఎద్దుల్ని మా నాన్న విడదీసిన కళ్ళం, అన్నీ గోడ లోపలికి వెళ్ళిపోయాయి. పరిహారం చేతికొచ్చినవాళ్ళలో కొందరు ఇళ్ళు కట్టారు, కొందరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశారు, కొందరు తాగేశారు. మా నాన్న గాజువాకలో రెండు గదుల ఇల్లు, ఒక పాత లారీ కొన్నాడు. వ్యవసాయం తప్ప ఏమీ తెలియని మనిషి లారీ తోలడం నేర్చుకున్నాడు కానీ, దాన్ని లారీలా చూడటం మాత్రం ఎప్పటికీ నేర్చుకోలేదు. పొద్దున్నే చోడంబలి తాగి, బయటికెళ్ళి బానెట్టు మీద చెయ్యేసి నిమిరి, "ఏటమ్మా, ఎల్దుమా?" అనేవాడు. సాయంత్రం వచ్చాక టైర్లమీద నీళ్ళు కొట్టకుండా తను కాళ్ళు కడుక్కునేవాడు కాదు. మా అమ్మ ఏమీ తక్కువ తినలేదు. ఆదివారం ఆదివారం లారీకి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచేది. వీధివాళ్ళు నవ్వుతారని నేను సిగ్గుపడితే, "తిండెట్టే తల్లికి దిట్టి తియ్యడానికి సిగ్గేటే" అనేది. మా ఇంట్లో అన్నం వాసన, డీజిలు వాసన వేరువేరుగా ఉండేవి కావు. నాన్న చొక్కాలు విడిగా నానబెట్టేవాళ్ళం. అయినా నా కాలేజీ ఓణీలు ఎండాక కూడా లారీ వాసనే వచ్చేవి. బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయిలు ముక్కు తిప్పుకుంటే, వాళ్ళకి బస్సు వాసన పడదు కాబోలని సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ లారీకి వైద్యుడు నూకరాజు. అతనిది సముద్రపొడ్డున ఉన్న యారాడ. తాతల కాలంనుంచీ చేపల వేటకి వెళ్ళే కుటుంబం, కానీ ఇతనికి మాత్రం సముద్రం పడదు. పడవెక్కి కెరటం దాటితే చాలు, కడుపులో పేగులు నోట్లోకి వచ్చేవట. అందుకని కుర్రతనంలోనే ఫిషింగ్ హార్బర్లో మరపడవల ఇంజన్లు బాగుచేసేవాళ్ళ దగ్గర చేరి పని నేర్చుకుని, తర్వాత గాజువాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. "సేపల్లో పుట్టి సేపంటే బయపడేవోణ్ణి నానొక్కణ్ణే" అని తన మీద తనే జోకులేసుకునేవాడు. మా నాన్నా అతనూ ఒకరినొకరు బావా అనుకునేవారు. వరసేమీ లేదు, ఒకరోజు టీ కొట్టు దగ్గర కలిసింది. దాంతో మా అమ్మ అతనికి అప్ప, అంటే అక్క, అయింది, నాకతను మావయ్య అయ్యాడు. ఊరికెళ్ళినప్పుడల్లా నెత్తళ్ళనే చిన్నచేపలు తెచ్చేవాడు. అమ్మ వాటిని చింతపండు పులుసు పెట్టి అతనికే ముందు వడ్డించేది. పులుసులో వేళ్ళు ముంచే ముందు చేతుల్ని మొదట కిరోసిన్తో, ఆపైన సున్నిపిండితో తోముకునేవాడు. అయినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు. అది చూసి నేను ముఖం చిట్లిస్తే, "ఈ నలుపు పోతే నాకు కూడు పోద్దే గుంటా" అనేవాడు.

నాన్నకి అరకు వైపు సిమెంటు తోలే పని దొరికినప్పుడు వచ్చింది గొడవంతా. అప్పటిదాకా సాపు రోడ్డు మీద రాళ్ళు తోలిన లారీ ఇప్పుడు అనంతగిరి ఘాట్ ఎక్కాలి. ఖాళీ బండితో ఎక్కి చూస్తేనే ఆయాసపడింది. నూకరాజు ఇంజను విప్పి, కేమ్ షాఫ్ట్ అరిగిపోయిందనీ, రాకర్లు కూడా లొడలొడలాడుతున్నాయనీ చెప్పాడు. అవేమిటో నాకు అరుగు మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించాడు. ఇంజను లోపల తిరిగే ఒక కడ్డీ, దాని మీద గుడ్డు ఆకారంలో బుడిపెలు. అది కేమ్ షాఫ్ట్. బుడిపె తిరిగి పైకొచ్చినప్పుడల్లా నిలువుగా ఉన్న ఒక పుల్లని పైకి తోస్తుంది. పుల్ల పైన ఏతాం లాంటిదొకటి ఉంటుంది, అదే రాకర్. ఇటు లేస్తే అటు వాలుతుంది, వాలి వాల్వు తెరుస్తుంది. వాల్వు తెరుచుకుంటే ఇంజను ఊపిరి తీసుకున్నట్టు. ఆ రాకర్లన్నీ ఒక బోలు కడ్డీకి గుచ్చి ఉంటాయి, దాన్ని రాకర్ షాఫ్ట్ అంటారు. ఆ కడ్డీ లోపలనుంచి నూనె వచ్చి, దాని మీదున్న చిన్న చిన్న కన్నాల్లోంచి ఒక్కో రాకర్‌కీ అందుతుంది.

మార్చాలన్నది ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏది వెయ్యాలన్న దగ్గర పేచీ. నాన్న కంచరపాలెంలో ఏదో పార్టుల కొట్టుకి వెళ్ళొచ్చి ఉత్సాహంగా ఉన్నాడు. అరుగు మీద ఇద్దరికీ టీ ఇస్తూ నేను అక్కడే ఉన్నాను.

"పెద్దింజను కేమ్ షాఫ్టంట బావా, బుడిపెలు ఇంతెత్తుంటాయంట. అదేస్తే లారీ ఎగిరిపోతాదని ఆ షాపోడు సెప్పినాడు" అన్నాడు నాన్న.

"ఎగిరిపోడానికి అదేటి ఇమానమా? నువ్వు మోసేది సిమెంటు" అన్నాడు నూకరాజు. "బుడిపె ఎత్తుగా ఉంటే వాల్వు ఎక్కువగా తెరుసుకుంటాది, నిజమే. సాపురోడ్డు మీద జోరుగా ఎల్లీటప్పుడు బాగుంటాది. గాట్ రోడ్డులో లోడుతో, ఫస్టు గేర్లో, మెల్లగా ఎక్కీటప్పుడు దానికి ఊపిరందదు బావా. లాగుడు తగ్గిపోతాది. మళ్ళీ దానికి తగ్గ స్ప్రింగులు గావాల. పిసరు కొలత తప్పితే వాల్వెల్లి పిస్టన్ని గుద్దుతాది."

"మరేటి ఎయ్యమంటావు?"

"పాత కొలతే ఉంచుదాం. గట్టి ఉక్కుతో సేసిన కేమ్ షాఫ్టు ఎయ్యి. రాకర్లు మాత్రం ఇంకాత్త లావుపాటివి, కొత్త బుష్షులతో ఏద్దాం. దీనికి బలం గావాల గానీ పొగరు కాదు."

నాన్నకి అది నచ్చలేదు. కొత్త సామాను వేసి కూడా పాత కొలతే ఉంచుకోవడం ఏమిటని రెండు రోజులు ముభావంగా తిరిగాడు. ఆఖరికి అమ్మే కల్పించుకుంది. "బతుకుతెరువు కాడ పంతాలేటి? ఆ పని సేసేవోడు ఆడు. తమ్ముడు సెప్పింది ఇను" అంది. ఆవిడ మాట మీద నూకరాజు చెప్పిన సామానే వచ్చింది. తర్వాత అమ్మ తనని తాను తిట్టుకోవడానికి ఈ మాట కూడా కలుపుకునేది. కానీ ఈ విషయంలో ఆవిడ తప్పేమీ లేదని ఇంజన్ల గురించి తెలిసినవాళ్ళని అడిగి నేను తర్వాత తెలుసుకున్నాను. నూకరాజు ఎంపిక నూటికి నూరుపాళ్ళూ సరైనది.

మా వైపు కొత్త నాగలి కర్రు తెచ్చినా, పార తెచ్చినా ముందు దేవుడి గదిలో పెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మర్నాడు పనిలోకి దించడం అలవాటు. ఊరు పోయినా ఆ అలవాటు మాతో వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ ఉపవాసం ఉండి, కేమ్ షాఫ్టునీ రాకర్లనీ రాకర్ షాఫ్టునీ పీట మీద పేర్చింది. పసుపు ముద్దగా కలిపింది. నున్నటి ఇనుము మీద, అందులోనూ నూనె తడి మీద, బొట్టు నిలవదు కదా. పెట్టింది పెట్టినట్టు జారిపోయింది. తుడిచి మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. అశుభంలా తోచి ఆవిడ ముఖం చిన్నబోయింది. అప్పుడు ఆ బోలు కడ్డీ మీద వరసగా ఉన్న కన్నాలు కనిపించాయి. వాటిలో పసుపు అదిమి, దాని మీద కుంకుమ పెడితే ముచ్చటగా నిలిచింది. గడపకి బొట్లు పెట్టినంత శ్రద్ధగా ఆ వరసంతా పెట్టింది. "సూడే, ఇప్పుడెంత కళొచ్చిందో" అని నాకు చూపించింది కూడా. నిజంగానే అందంగా ఉంది.

మర్నాడు నాన్నకి క్యారియరు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. నూకరాజు కిరోసిన్ డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. "బావా, ఓపాలి కిరోసిన్లో జాడించి, ఊది బిగిత్తాను" అంటూ షాఫ్టు అందుకున్నాడు. నాన్న గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "మీ అప్ప ఉపాసముండి పూజ సేసిన సామాను. సుబమాని మొదలెట్టీటప్పుడు బొట్టు సెరిపేత్తావేటి బావా? బండి ఓపాలి కొండెక్కి దిగనీ, అప్పుడు నీ ఇష్టం" అన్నాడు. నూకరాజు సందేహించాడు. షాఫ్టు వెలుగుకి పట్టి చూశాడు. ఆ సందేహం నాకిప్పటికీ కనిపిస్తుంది. కానీ అతనూ అమ్మవారికి మొక్కే మనిషే, అదీ అప్ప పెట్టిన బొట్టు. "సర్లే, అమ్మోరి బొట్టుకి ఏటవుతాది" అని, రెండు కళ్ళకీ అద్దుకుని, అలాగే బిగించేశాడు.

లారీ ఘాట్ సగం ఎక్కింది. ఇంజనులో టకటకమని శబ్దం మొదలైందని నాన్న తర్వాత చెప్పాడు. లోడుంది, ఆపితే వెనక్కి జారుతుందేమోనని భయపడ్డాడు, కొత్త సామాను సర్దుకుంటోంది కాబోలనీ అనుకున్నాడు. తొక్కిపట్టి ఎక్కించాడు. నూనె అందక రాకర్లు షాఫ్టుకి పట్టేశాయి, పుల్లలు వంగిపోయాయి, ఒక వాల్వు విరిగి లోపల పడి పిస్టన్ని ముక్కలు చేసింది. తాళ్ళు కట్టి లాక్కొచ్చిన లారీని నాన్న నూకరాజు షెడ్డుకి తీసుకెళ్ళలేదు. కోపం. వేరే షెడ్డులో విప్పించి, విరిగిన సామానంతా గోనెలో వేసుకుని ఇంటికి తెచ్చి పెరట్లో పారేశాడు.

మధ్యాహ్నం నాన్న పడుకున్నాక అమ్మ గోనె విప్పింది. ఎందుకు విప్పిందో నాకు తెలియదు, ఒక పోయిన ప్రాణిని చూడాలనిపించినట్టు విప్పిందేమో. మాడి నల్లబడ్డ ఆ కడ్డీని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. తర్వాత జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఒక కన్నంలో గుచ్చింది. పైన నల్లటి పెచ్చు, దాని కింద పసుపు. ఇంకో కన్నంలో గుచ్చింది. అందులోనూ అంతే. తమ్ముడు బడికెళ్ళాడు, నేను పక్కనే బట్టలారేస్తున్నాను. ఆవిడ ఏడవలేదు. లేచి వెళ్ళి నాన్నని నిద్రలేపి, ఆ కడ్డీ చేతిలో పెట్టి, "సూడు, నానేటి సేసినానో" అంది. నాన్న చూశాడు. ఆయనకి అర్థమైంది. షెడ్డులో నూకరాజు చెయ్యి పట్టుకుని ఆపింది ఆయనే కదా. కడ్డీని మళ్ళీ గోనెలో పడేసి, మూతి కట్టేసి, "ఎవులితోటీ అనకు" అన్నాడు. అమ్మ మీద మాట పడకూడదనే అలా అన్నాడని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఇప్పుడు అంత గట్టిగా నమ్మలేను.

మర్నాడే నూకరాజు మా ఇంటికొచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లో నిలబడ్డాడు. "బావా, ఓపాలి ఆ సామాను నన్ను సూడనీ. తప్పెక్కడైనాదో నాకు తెలవాల" అని బతిమాలాడు. నాన్న అరుగు మీంచి లేవలేదు. "తెలిసేదేటి? పెద్ద కేమ్ షాఫ్టు ఎయ్యమంటే ఇన్నావా? నీ ఎంపికే నన్ను ముంచేసింది" అన్నాడు. వీధి వీధంతా వింటోంది. తలుపు వెనక అమ్మ, అమ్మ వెనక నేను. అమ్మ చెయ్యి గడియ మీద ఉంది. ఆ గడియ తీస్తుందేమోనని నేను భయపడ్డాను. తీస్తే మా అమ్మ నలుగురి నోళ్ళలో పడుతుందని భయం. ఆవిడ తియ్యలేదు. నూకరాజు "సరే బావా" అని వెళ్ళిపోయాడు. అదే మాట నాన్న టీ కొట్టు దగ్గరా అన్నాడు, లారీ యజమానులందరిముందూ అన్నాడు. మా కాలనీలో అందరివీ పరిహారం డబ్బుతో కొన్న లారీలే, అందరివీ భయపడుతూ బతికే బతుకులే. ఒకరి తర్వాత ఒకరు వేరే షెడ్లకి మళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఆ రేకుల షెడ్డులో సైకిలు టైర్లు అమ్మేవాడు చేరాడు. నూకరాజు యారాడ వెళ్ళిపోయి, అన్నదమ్ములతోపాటు పడవెక్కుతున్నాడని తెలిసింది. సముద్రం పడని మనిషి.

ఈ రోజుల్లో సాయి లాంటివాళ్ళకి సామాను ప్లాస్టిక్ సంచిలో సీలు చేసి వస్తుంది. పాడైతే కంపెనీకి ఫోను చేసి పోట్లాడతారు, ఎవరూ ఎవరి వాకిట్లోనూ నిలబడక్కర్లేదు. అది నాకు మంచిదే అనిపిస్తుంది. అప్పట్లో ఇంజను చెడితే ఒక మనిషి చెడేవాడు. అయితే అప్పుడు బావా అనే పిలుపు కూడా ఉండేది. సాయికి వాడి మెకానిక్కు ఇంటిపేరు కూడా తెలియదు.

నాన్న లారీని తుక్కుకి అమ్మేసి, ఎవరిదో లారీ మీద డ్రైవరుగా కుదిరాడు. అమ్మ పూజలు మానలేదు కానీ, పసుపు కలిపిన ప్రతిసారీ చేతిని కొంగుకి తుడుచుకుంటూనే ఉండేది. ఆవిడ చీరల కొంగులన్నీ ఒక మూల పచ్చగా ఉండేవి. నెత్తళ్ళు వండటం పూర్తిగా మానేసింది. నేను డిగ్రీలో ఉండగా ఒకరోజు నాన్న లోడు మీద వెళ్ళినప్పుడు, "యారాడ ఎల్దుం, వొత్తావా?" అంది. బస్సు దిగి కొండ మీదుగా నడిచాం. దారంతా ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి, చెప్పాల్సిన మాటలు వల్లించుకుంటోంది.

నూకరాజు ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. మమ్మల్ని చూసి ఎంత సంతోషించాడంటే, నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది. వాళ్ళావిడ పీటలు వేసి మంచినీళ్ళిచ్చింది. అమ్మ నీళ్ళు ముట్టకుండా, కూర్చోకుండా, నిలబడే చెప్పేసింది. కన్నాల్లో పసుపు, పిన్నీసు, అన్నీ. నూకరాజు వల పక్కన పెట్టి విన్నాడు. అతని ముఖంలో ముందు వెలుగొచ్చింది, తన ఎంపిక తప్పు కాదని తెలిసిన వెలుగు. అంతలోనే అది పోయింది.

"అయితే తప్పు నాదే అప్పా" అన్నాడు.

"నీదేటి తమ్ముడూ? పసుపెట్టింది నాను."

"నువ్వు ఆడకూతురివి, నీకేటి తెలుసు? ఊదకుండా బిగించినోణ్ణి నాను. బావ సెప్తే మాత్రం ఇనేయడమేనా? సేతిలో పనున్నోడు ఇనకూడదు." వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంటూ అడిగాడు. "బావకి తెలుసా ఈ సంగతి?"

అమ్మ నావైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

"తెల్దు" అంది అమ్మ.

"అలాగైతే నానే వొచ్చి సెప్తాను. బావ కాళ్ళట్టుకుంటాను."

"వొద్దు తమ్ముడూ. ఆయన పేణం బాగోనేదు. ఇప్పుడు సెప్తే తట్టుకోలేడు. సెప్పకు" అంది అమ్మ. ఒట్టు వేయించుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ మీద విరుచుకుపడ్డాను. నిజం చెప్పడానికి అంత దూరం వెళ్ళి అబద్ధం చెప్పొచ్చావేమిటన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆడికి పని ఎలాగూ పోనాది. బావైనా మిగలనీ" అంది. ఆ జవాబు ఆ రోజు నాకు కోపం తెప్పించింది. ఇప్పుడు భయం వేస్తుంది, ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేదాన్నేమోనని.

కొన్నేళ్ళకి నాన్న పోయాడు. నాన్నని వాకిట్లో పడుకోబెట్టాం. ఎవరు కబురు చెప్పారో, నూకరాజు వచ్చాడు. తడి ఆరని లుంగీతోనే వచ్చాడు. అందరినీ తప్పించుకుని వెళ్ళి నాన్న పాదాల దగ్గర కూలబడి, రెండు పాదాలూ పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "కన్నాలు ఊదనేదు బావా. తప్పు నాదే బావా. నీకు సెప్పాలని ఎన్నిసార్లో వొచ్చి, వీదిలోంచే తిరిగెల్లిపోనాను. నీకు తెలకుండానే ఎల్లిపోనావు. నన్ను సెమించు బావా" అని ఆ పాదాలకి తల కొట్టుకున్నాడు. అతను ఏం మాట్లాడుతున్నాడో చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ అర్థం కాలేదు. తాగొచ్చాడేమో అని ఎవరో గొణిగారు. నాకూ మా అమ్మకీ మాత్రమే అర్థమైంది.

అమ్మ లేచింది. అతని పక్కన కూర్చుని, అతని చేతుల్ని నాన్న పాదాల మీంచి ఒక్కొక్కటిగా విడదీసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. నేను చూస్తున్నాను. నాన్నకి అంతా తెలుసని చెప్పమనే అనుకున్నాను, వద్దనీ అనుకున్నాను.

"లెగు తమ్ముడూ" అంది అమ్మ. "లెగు, కాసిని మంచినీళ్ళు తాగు."